వాసన చెప్పు చెల్లె

మొన్న ఎంకపల్లి నుంచి ఒక రైతు టమాటా నారు కోసం మా నర్సరీకి వచ్చాడు. నారు కొనేవాళ్లు ఆకు తిప్పి చూస్తారు, కాండం నొక్కి చూస్తారు, ధర వినగానే మొహం ముడుస్తారు. ఈయన అవేవీ చేయలేదు. ట్రేలోంచి ఒక మొక్కను మెల్లగా పైకి లాగి, అంటుకున్న కొబ్బరి పొట్టు దులిపి, వేరును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

నా చేతిలో నీళ్ల పైపు అట్లాగే ఉండిపోయింది. నీళ్లు నా చెప్పుల మీదే పడుతున్న సంగతి కూడా తెలియలేదు.

"గిదేం అలవాటన్నా? వేరును వాసన చూస్తున్నవ్?" అన్నాను.

"చేవెళ్ల మేడం నేర్పింది. ఒకపారి మా చేనుకొచ్చింది. ఆకు అబద్ధం చెప్తదంట, వేరు చెప్పదంట." ఆయన నవ్వాడు. "మీ తానికి బాగ వస్తుండె గద ఆమె. మంచిగున్నదా?"

"లేదన్నా. పోయింది" అన్నాను. నీళ్లు బంద్ చేయాలని చెప్పి మోటరు వైపు నడిచాను. మోటరు బంద్ చేశాక కూడా అక్కడే కాసేపు నిలబడ్డాను. మనిషి పోయాక ఆమె చేతి అలవాటు ముక్కూమొహం తెలియని ఇంకొకరి చేతిలో కనబడితే ఏమవుతుందో నాకు అంతవరకు తెలియదు. ఆయన చేతిలోంచి ఆ మొక్కను గుంజుకోవాలనిపించింది. ఆయన్ని కూర్చోబెట్టి, ఆమె ఆ రోజు మీ చేనులో ఇంకేమేం అన్నదో అన్నీ చెప్పు అని అడగాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

మాది మొయినాబాద్ మండలం సురంగల్. నీడకు కట్టిన పచ్చ జాలీ కింద టమాటా, మిరప, చామంతి నారు పెంచి అమ్ముతాం. మేం అంటే నేను, మా బాపు. పేరుకు నర్సరీ బాపుది, నోరు మాత్రం నాది.

ఆమె మొదటిసారి మా నర్సరీకి వచ్చిన రోజు మా డ్రమ్ములోకి తొంగి చూసి నెత్తి పట్టుకుని కూర్చుంది. అంతకు ముందు చేవెళ్లలో రైతుల మీటింగులో బాపుకు ఒక పొడి పొట్లం ఇచ్చిందట. అందులో ఉన్నవి మేలు చేసే బాక్టీరియా. నీళ్లలో బెల్లం వేసి, పొడి కలిపి, నాటే ముందు నారు వేర్లను అందులో ముంచమంది. బాపు అన్నీ బుద్ధిగా విన్నాడు, బెల్లం కూడా వేశాడు. చివర్లో సొంత తెలివి ఉపయోగించి అదే డ్రమ్ములో ఎండు తెగులు మందు కూడా కుమ్మరించాడు.

"రెండు కలిస్తె డబల్ పవర్ గద మేడం" అన్నాడు, మెచ్చుకుంటుందనుకుని.

"బాపూ, గిది మందు గాదు. దీనికి ప్రాణమున్నది. చుట్టాన్ని ఇంటికి పిలిచి అన్నంల ఎలుకల మందు పెట్టినట్టున్నది నీ పని."

బాపు డ్రమ్ములోకి చూశాడు. "మరి జర ముందుగాల చెప్పాలె గద" అన్నాడు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వుకు చప్పుడు ఉండదు. భుజాలు ఊగుతాయి, కళ్లలో నీళ్లు వస్తాయి, చూసేవాళ్లకు ఏడుస్తుందేమో అనిపిస్తుంది. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, "గింతమందిని సంపినవ్, ఒక దండమన్న పెట్టు" అంది. మా బాపు నిజంగానే డ్రమ్ముకు దండం పెట్టాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పొడిని ఎవరూ మందు అనలేదు. చుట్టాలు అన్నాం. "చుట్టాలను నీడల పెట్టినవా బిడ్డా?" అని బాపు అడుగుతుంటే, నారు కోసం వచ్చినవాళ్లు మా ఇంటి వైపు తొంగి చూసేవారు.

ఆమె పట్నంలో మన్నులోని బాక్టీరియాను పరీక్షించే ఒక ల్యాబులో పని చేసేది. పుట్టింది చేవెళ్లలోనే. ఎంత చదివినా మాట మాత్రం చేవెళ్ల దాటలేదు. ఆమె సంచిలో ఒక స్టీలు చెంచా ఉండేది. దాంతోనే మొక్క మొదట్లో మన్ను తవ్వి తీసేది, దాన్నే కొంగుతో తుడిచి పెరుగన్నం తినేది. నేను "ఛీ, కడుక్కో మేడం" అంటే, "మన్నేం చేస్తది చెల్లె? మన్నులకెల్లే గద బువ్వ వచ్చింది" అనేది. అప్పటికి నేను ఆమెను మేడం అనే పిలిచేదాన్ని. అక్కా అనడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. అట్లాంటివి ఎవరికి గుర్తుంటాయి?

జాలీ కింద కూర్చుని మా బాపుకు ఆమె పాఠాలు చెప్పేది. మా నారు కొబ్బరి పొట్టులో పెరుగుతుంది, మన్ను మొహం చూడదు. "మీ నారంత ఏసీ రూములల్ల పెరిగిన పిల్లలు. బయటికి పోంగనే జరం పట్టుకుంటది" అని వెక్కిరించేది. తర్వాత ఒక మొక్క తీసి, తెల్లని వేరును అరచేతిలో పరిచి చూపించేది.

"దీనికి కండ్లు లేవు, చెవులు లేవు. అయినా ఎవరొచ్చిండ్రో దీనికి ఎరుకే. దీని లోపట కావలోడున్నడు. మన్నుల ఈదుకుంట వచ్చే బాక్టీరియాకు తోకలుంటయి బాపూ. ఆ తోక తగలంగనే కావలోడు ఉలిక్కిపడి లేస్తడు."

"దొంగ తోక వేరే, చుట్టం తోక వేరే ఉంటదా?" అని అడిగాడు బాపు.

"గదే మజా. రెండూ ఇంచుమించు ఒకటే తీరు. అందుకే చుట్టాలు ఉపాయం చేస్తయి. కొన్ని తోకను జర మార్చుకొని వస్తయి, కావలోనికి గుర్తు దొరకది. కొన్ని వేరు చుట్టు జర పులుపు చేస్తయి, వాని కోపం సల్లారుతది. వేరు సుత పిచ్చిది గాదు. తొండి చేసి తోలు చింపినవనుకో, ఎవ్వరి మాట వినది. దెబ్బ తగిలిన తాన లొల్లి లొల్లి చేస్తది."

"నా బిడ్డ లెక్కనే" అన్నాడు బాపు నావైపు చూపిస్తూ. ఆమె భుజాలు ఊగాయి.

"లోపటికొచ్చినంక చుట్టాలు ఉత్తగ కూసోవు. వేరు పెట్టే తీపి తింటయి, మల్ల మొక్క మొత్తానికి జర పైలం అని చెప్పిపెడ్తయి. రేపు ఆకు మీదికి తెగులొస్తే, ఆకు అప్పటికే తయారుగుంటది. గట్లని పొద్దంత కత్తి పట్టుకొని నిలవడదు. నిలవడ్డదనుకో, ఇగ పెరిగేదెప్పుడు, కాసేదెప్పుడు?"

ఆమె ఈ మాటలు చెప్తుంటే వేరు నాకు ఒక ఇల్లులాగ కనిపించేది. ఆమె ఇంటికి వెళ్లిపోయాక నారు పీకుతుంటే ఒక్కోసారి, లోపల ఎవరో ఉలిక్కిపడ్డారేమో అనిపించి చెయ్యి మెత్తగా పెట్టేదాన్ని.

ఆ తర్వాత ఒక వానాకాలమంతా ఆమె రాలేదు. ఫోన్ ఎత్తలేదు. బాపు ప్రతి వారం అడిగేవాడు. పెద్దవాళ్లకు మనమెక్కడ గుర్తుంటామని నేను గొణుక్కునేదాన్ని. చలికాలంలో ఒక పొద్దున తన తమ్ముడి బండి మీద వచ్చి దిగింది. మొహానికి మాస్కు, చేతులకు నీలం రంగు తొడుగులు. సగం మనిషి అయిపోయింది. ఆమె తమ్ముడు చేవెళ్లలో బోరు మోటార్లు బాగుచేస్తాడు, మాట తక్కువ మనిషి. ఆయనే కుర్చీ తెచ్చి జాలీకి బయట, మా ట్రేలకు దూరంగా వేశాడు.

ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. తమ్ముడు తనది ఒకటి ఇచ్చాడు.

"మన్ను ముట్టద్దన్నరు చెల్లె" అంది, అదొక వింత కబురైనట్టు. "వాసన సుత చూడద్దంట, దుమ్ము లోపటికి పోతదంట. నా ఒంట్ల కావలోనికి గోళీలిచ్చి పండవెట్టిండ్రు. వాడు లేస్తే తమ్ముణ్ని పరాయోడని ఎల్లగొడ్తడు. వాడు పండుకుంటే మన్నులున్నదేదైనా సరే నా మీదికి రావచ్చు. రెండిట్ల ఒకటే దొరుకుతది."

చెంచాను తుడుచుకుని పెరుగన్నం తిన్న మనిషికి, బతుకంతా మన్నులోనే వెతుక్కున్న మనిషికి, మన్ను ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పారు. ఇదెక్కడి న్యాయమని దేవుడి మీద చాలా కోపం వచ్చింది.

ఆమెకు కోపం లేదు. ఆమెకు ఉన్నది అసూయ, అదీ టమాటా మొక్క మీద. "చూడు చెల్లె, గింతంత వేరుకున్న తెలివి నా ఒంటికి లేదు. అది చుట్టాన్ని ఉంచుకుంటది, కావలి సుత కాస్తది. ఎక్కడ నిద్రపోవాల్నో అక్కడ పోతది, ఎక్కడ మేలుకోవాల్నో అక్కడ మేలుకుంటది. నాకు మొత్తం ఇంటినే పండవెట్టాల్సి వచ్చె" అని ఎన్నిసార్లు అన్నదో.

ఒంట్లో ఉన్న కిడ్నీని ఆమె తమ్ముడు అనే పిలిచేది. నీళ్ల సీసా ఎప్పుడూ చంకలోనే ఉండేది. మాట మధ్యలో ఆపి, "తమ్మునికి దూప అయితున్నది" అని రెండు గుటకలు తాగేది. "తమ్ముడెట్లున్నడు అక్కా?" అని ఎవరైనా అడిగితే, "లోపటోడా, బయటోడా?" అనేది. బయట ఉన్నాయన బండి తుడుచుకుంటూ విననట్టు ఉండేవాడు.

ఆ చలికాలంలోనే మొదలైంది మా ఇద్దరి వాసనల పని. కుర్చీలో కూర్చుని, నన్ను మడి దగ్గరికి పొమ్మని, గుప్పెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకోమంది.

"వాసన చెప్పు చెల్లె."

"మన్ను వాసన."

"మన్నుకు మన్ను వాసన గాక కోడికూర వాసనొస్తదా? సక్కగ చెప్పు."

మళ్లీ చూశాను. "తడి వాసన" అన్నాను. తల అడ్డంగా ఊపింది. చాలాసేపు తిప్పలు పడి, "తడిసిన గోనెసంచి మల్ల ఎండితె వచ్చే వాసన" అన్నాను. మాస్కు పైన ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఆఁ! గట్ల చెప్పు. మరి దాని కింద?" అంది. వాసన కింద ఇంకో వాసన ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఆ వాసన చేసేవి కూడా మన్నులో ఉండే బాక్టీరియానేనని, వాన పడగానే మనం గుండె నిండా పీల్చేది వాటి ఊపిరేనని ఆమె చెప్పింది. "జనం వాన వాసన అంటరు. పేరు వానకు పోయింది పాపం" అంది.

ఆ తర్వాత నారు కొనడానికి వచ్చే ప్రతి మనిషినీ వాళ్ల చేనులోంచి గుప్పెడు మన్ను తెమ్మనేదాన్ని. శంకర్‌పల్లి మన్ను, చేవెళ్ల నల్లరేగడి, మా ఎర్రమన్ను. ఆమె వచ్చిన రోజు పొట్లాలు విప్పి ఒక్కొక్కటి వాసన చూసి చెప్పేదాన్ని. పాత బియ్యం డబ్బా మూత తీసినట్టు. ఎండిన పుట్టగొడుగు లెక్క. ఈతచాప లెక్క. ఒకటి అసలు ఏ వాసనా లేదంటే, ఆమె మొహం వాడిపోయింది. "ఎవ్వలు లేరు దాంట్ల" అంది. అది కొత్తగా ప్లాట్లు చేసిన భూమిలోంచి తెచ్చిన మన్ను. పైపొరంతా గీకేశారని తర్వాత తెలిసింది.

వాన పడిన పొద్దున పొయ్యి ముట్టించకముందే ఫోన్ మోగేది. "మీ దిక్కు పడ్డదా?" పడిందంటే, "జర బయటికి పో" అనేది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మన్ను పట్టుకుని, నిద్రమొహంతో మడి మధ్య నిలబడి మాటలు వెతికేదాన్ని. విసుక్కునేదాన్ని కూడా. "నీకేం పని లేదా అక్కా? నాకు నారుకు నీళ్లు పెట్టేదున్నది" అని గదమాయించేదాన్ని. ఆమె నా విసుగు అయిపోయేదాకా ఆగి, "ఊఁ, చెప్పు" అనేది. ఆ "ఊఁ" ఇప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలు, నారంతా ఎండిపోయినా సరే అనిపిస్తుంది.

ఒకసారి తొలకరికి మా నర్సరీలోనే ఉంది. జల్లు వెలిసింది. కుర్చీ పక్కన కుండీలో మన్ను నల్లగా తడిసి ఉంది. నేను ట్రేలు సర్ది వెనక్కి తిరిగేసరికి ఆమె కుడిచేతి తొడుగు ఒళ్లో ఉంది. వట్టి చెయ్యి కుండీ మీద గాలిలో ఆగి ఉంది, ముట్టుకోలేదు. మన్ను మీదుగా వచ్చే చల్లదనాన్ని తాకి చూస్తున్నట్టు వేళ్లు కొద్దిగా కదులుతున్నాయి.

"అక్కా! తొడుగేస్కో. లేకపోతె నీ తమ్మునికి చెప్త."

"ఏ తమ్మునికి?" అంది, చెయ్యి తీయకుండానే.

"ఇద్దరికి."

భుజాలు ఊగాయి. తొడుగు వేసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుంటూ, "వాడు తన పానంల సగం కోసిచ్చిండు చెల్లె. నా సరదాకు వాణ్ని పోగొడ్తనా?" అంది. అంత ఇష్టమైనదాన్ని అంత దగ్గర్లో పెట్టుకుని ముట్టుకోకుండా ఉండటం ఏమిటో నాకు ఆమెను చూశాకే తెలిసింది. తమ్ముడి కోసం ఆమె అట్లా సంవత్సరాలు ఉంది.

కొన్నేళ్ల తర్వాత మరో తొలకరి. పొద్దున్నే బండి ఆగింది. ఆమె దిగింది. మొహానికి మాస్కు లేదు. చేతులకు తొడుగులు లేవు.

నేను ట్రే కింద పడేసి ఉరికాను. "ఒప్పుకున్నరా అక్కా డాక్టర్లు?" అని గట్టిగా అరిచాను. బాపు కూడా లేచి వచ్చాడు.

"ఒప్పుకున్నరు" అంది. ఆమె నవ్వుతోంది. ఆమె తమ్ముడు మాత్రం బండి దిగలేదు, రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను కుర్చీ తేబోతే వద్దంది. మెల్లగా మడి గట్టు దగ్గరికి నడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తడి నేల మీద కూర్చుంది. అప్పుడు చూశాను, ఎడమ చేతికి తెల్లని కట్టు ఉంది.

కుడిచెయ్యి మన్నులో పెట్టింది. మణికట్టు దాకా. కళ్లు మూసుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ చేతిని చూస్తూ చాలా సంతోషపడ్డాను, అప్పటికి నాకు అసలు సంగతి తెలియదు.

"కావలోడు లేచిండు చెల్లె" అంది కళ్లు తెరవకుండానే. "ఇన్నేండ్లకు తమ్ముణ్ని గుర్తుపట్టిండు. గుర్తుపట్టి ఎల్లగొట్టిండు. గోళీలు మార్చి చూసిండ్రు, ఆగలేదు. ఇగ ఎవర్ని కాపాడటానికని గోళీలు తగ్గించుకుంట వచ్చి బంద్ పెట్టిండ్రు. ఇప్పుడు ఈ ఎడమ చేతికెల్లి మిషన్ మీద నెత్తురు కడుగుతున్నరు. మన్ను ముట్టుకుంట అని అడిగిన. ఇగ పైలంగ ముట్టుకోవచ్చన్నరు."

ఒప్పుకున్నారంటే అర్థం అది. నేను కేక పెట్టి సంతోషపడిన కబురు అది. నాకు ఏడుపు వచ్చింది, ఆమె ముందు ఏడవకూడదని పైట నోట్లో కుక్కుకున్నాను. ఆమె ఇదేమీ చూడలేదు. గుప్పెడు మన్ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని లోపలికి పీల్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి, దూపతో ఉన్న మనిషి నీళ్లు తాగినట్టు.

"నువ్వు ఇన్నొద్దులు చెప్పినవన్ని తప్పే" అంది చివరికి.

"మరెట్లున్నది?"

చాలాసేపు ఆలోచించింది. ఎన్ని మాటలు నా చేత చెప్పించిందో, ఎన్నింటికి సక్కగ చెప్పమని గదమాయించిందో, అటువంటి మనిషి. మెల్లగా నావైపు తిరిగి, సిగ్గుపడినట్టు నవ్వి, "మన్ను వాసన" అంది.

పోయేటప్పుడు ఆమె తమ్ముడు డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచుకుని వచ్చాడు, చేతులు కడగడానికి. "ఉండనియ్‌రా" అంది. ఆయన చెంబు కింద పెట్టి బండి ఎక్కాడు. బండి ఎక్కడానికి పట్టు కావాలని ఆమె ఆయన నడుము పక్కన చెయ్యి ఆనించింది, డాక్టర్లు కోసిన వైపు. తెల్ల చొక్కా మీద ఎర్రమన్ను అయిదు వేళ్లుగా అంటుకుంది. "ఏమనుకోకురా" అంది. చొక్కా సంగతే అన్నదో, ఇంకే సంగతి అన్నదో. ఆయన దులుపుకోలేదు. అట్లాగే బండి స్టార్ట్ చేశాడు.

ఆ వానాకాలం పూర్తిగా గడవకముందే ఆమె పోయింది. ఆయనే ఫోన్ చేసి చెప్పాడు, రెండు ముక్కల్లో.

ఇప్పటికీ వాన పడిన పొద్దున పొయ్యి ముట్టించకముందే ఒకసారి ఫోను వైపు చూస్తాను. చూసి, నన్ను నేనే చీదరించుకుని, బయటికి పోతాను. మొన్న ఎంకపల్లి రైతు వచ్చి పోయిన మర్నాడు కూడా పొద్దున్నే వాన పడింది. మడిలోంచి గుప్పెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎవరూ వినరని తెలుసు గనుక పైకే అన్నాను, "ఎండిన పుట్టగొడుగు లెక్కున్నది అక్కా" అని.

జాలీ కింద బాపు ట్రేలు సర్దుతున్నాడు. ఆయన తల ఎత్తలేదు. "సక్కగ చెప్పు" అన్నాడు.

నేను మళ్లీ వాసన చూశాను.